ఋణబాధయు అన్యోన్య సహాయమును

నివాసమునకు యోగ్యమైన గ్రామమేది యను ప్రశ్నకు సమాధానము చెప్పుచు సుమతీ శతకకర్త, అక్కడ తప్పక యుండవలసినవారిలో మొట్టమొదట ఋణదాతను పేర్కొనెను. వైద్యుడును, ఎండని యేరును ఆ తరువాతనే వచ్చును. అదే తెలుగు జాతి మరియొక ప్రక్క అప్పులేనివాడే అధిక సంపన్నుడని సామెత చెప్పుకొన్నది. ఈ రెండు మాటలకును వైరుధ్యము లేదు. అప్పు పుట్టని ఊరిలో బ్రదుకుట కష్టము. అప్పు తీరని ఇంటిలో బ్రదుకుట అంతకంటె కష్టము.

ఋణములు రెండు విధములు. పొలమో, బంగారమో కుదువపెట్టి తెచ్చునది ఒకటి. చేబదులుగానో, నోటుమీదనో, కేవలము మాటమీదనో తెచ్చునది రెండవది. మొదటిదానికి తాకట్టు కలదు, రెండవదానికి లేదు అని లోకవ్యవహారము. కాని కొంచెము విచారించినచో తాకట్టు లేని అప్పు ఎన్నడును లేదని తెలియును. ఋణదాత దేనిపైనను చేయి వేయకుండ ధనమీయడు. వస్తువు లేనివాని విషయమున ఆ తాకట్టు వాని శ్రమ, వాని పరువు, ఒక్కొక్కప్పుడు వాని శరీరమే. పొలము వేలమునకు పోయినచో మనిషి మిగులును. మనిషియే తాకట్టయినప్పుడు మిగులునది ఏమి? ఈ ప్రశ్నకు మన దేశమున శాస్త్రకారులును, ప్రభువులును, న్యాయస్థానములును వేరువేరు కాలములలో వేరువేరు సమాధానములు చెప్పిరి. వానికంటె భిన్నమైన సమాధానమును సామాన్యులు తమలో తాము కనుగొనిరి. వేతనమే ఆస్తిగా గల ఉద్యోగి కుటుంబములకు ఈ చరిత్ర పరాయిది కాదు.

ధర్మశాస్త్రములలో ఋణాదానము

మన ధర్మశాస్త్రకారులు వివాదములను పదునెనిమిది విధములుగా విభజించిరి. వానిలో మనువు మొదట చెప్పినది ఋణాదానము. అనగా ఇచ్చిన అప్పు తిరిగి రాబట్టుకొనుట. సరిహద్దు తగవులకంటెను, దాయభాగములకంటెను ముందుగా దీనిని నిలిపిరనిన, ఆనాటి సంఘమున ఋణవ్యవహారములు ఎంత సామాన్యములో ఊహింపవచ్చును. 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన, యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను 'విజ్ఞానేశ్వరీయము' అను పేర తెనిగించెను. నాటినుండి ఈ వ్యవహారధర్మములు తెలుగు పద్యములలో మన పూర్వులకు అందుబాటులోనికి వచ్చెను.

తాకట్టు ఉన్న అప్పునకు నెలకు అసలులో ఎనుబదియవ వంతు వడ్డీ ధర్మ్యమని స్మృతులు చెప్పినవి. ఇది నూటికి నెలకు రూపాయి పావలా. తాకట్టు లేనిచో వర్ణక్రమమున బ్రాహ్మణునకు నూటికి రెండు, క్షత్రియునకు మూడు, వైశ్యునకు నాలుగు, శూద్రునకు ఐదు అని యాజ్ఞవల్క్యుడు విధించెను. లేనివాడే హెచ్చు వడ్డీ ఇయ్యవలెనను లోకరీతి ఆనాటికే శాస్త్రములోనికి ఎక్కినదన్నమాట. ఒకవైపు ఇట్లుండగా, మరియొకవైపు ఋణగ్రస్తునకు ఒక గొప్ప రక్షణయు లభించెను. ఒకేసారి తీర్చునప్పుడు వడ్డీ అసలును మించరాదు. మొత్తము రెట్టింపునకు దాటరాదు. దీనినే దామ్‌దుపట్ అను పేర తరువాతి న్యాయస్థానములు వ్యవహరించినవి. అప్పు ఎంత కాలము నిలువ ఉన్నను దానికొక గట్టు కలదని ఈ నియమము యొక్క భావము.

కాని అప్పు తీర్చలేనివాని గతి యేమి? సమానజాతివాడును, తక్కువజాతివాడును పనిచేసి ఋణము తీర్చవలెననియు, ఎక్కువజాతివాడు మెల్లమెల్లగా చెల్లింపవచ్చుననియు మనువు చెప్పెను. శరీరశ్రమ తాకట్టగుటకు ఇక్కడనే శాస్త్రసమ్మతి లభించెను. తండ్రి తీర్చని అప్పును కొడుకు తీర్చుట పుణ్యధర్మమని చెప్పుటచేత ఆ బంధము తరువాతి తరమునకును సాగెను. జూదమునకును, మద్యమునకును చేసిన అప్పులు కొడుకునకు అంటవని మాత్రము మినహాయింపు కలదు. ఈ పుణ్యధర్మము ఆధారముగా కొడుకుపైనను, మనుమనిపైనను కొత్త అప్పులకు దావా వేయు హక్కును 2005వ సంవత్సరపు హిందూ వారసత్వ సవరణ చట్టము రద్దుచేసెను. అంతదాక ఆ నియమము ఏదో ఒక రూపమున జీవించియే యున్నది.

గడపముందు ఋణదాత

రాబడికి మనువు ఐదు మార్గములు చెప్పెను: ధర్మము, వ్యవహారము, ఉపాయము, ఆచరితము, బలము. ఆచరితమనగా ఋణగ్రస్తుని ఇంటి గడపముందు కూర్చుండుట మొదలైన ఆచారసిద్ధమైన నిర్బంధమని వ్యాఖ్యాతలు వివరించిరి. 13వ శతాబ్ది చివర దక్షిణదేశమునకు వచ్చిన మార్కో పోలో, కాకతీయుల రేవుపట్టణమైన మోటుపల్లిని గూర్చి వ్రాసిన గ్రంథముననే, మాబారు తీరమునందలి ఒక వింత ఆచారమును వర్ణించెను. అప్పులవాడు పలుమార్లు వాయిదా వేసి తప్పించుకొన్నచో, ఋణదాత వాని చుట్టును నేలపై ఒక గీత గీయును. అప్పు తీర్చియో, పూచీ ఇచ్చియో కాని అతడు ఆ వలయమును దాటరాదు. ఒక పరదేశ వర్తకుడు తన బాకీకై ఆ దేశపు రాజు చుట్టునే గీత గీయగా, రాజు గుఱ్ఱమును కదల్పక బాకీ తీర్చిన పిమ్మటనే కదలెనని మార్కో పోలో వ్రాసెను.

ఇది రాజు ధర్మనిరతిని చాటు కథగా చెప్పుకొనుట కలదు. అయితే రాజునకు వలయము నుండి బయటపడుటకు బొక్కసము కలదు. బొక్కసము లేనివానికి అదే గీత చెఱసాల యగును. ధర్నా యను పేర ఈ ఆచారము ఉత్తరాదిని అంతకంతకు కఠినమయ్యెను. ఋణదాత గడపముందు నిరాహారుడై కూర్చుండును. అతడు మరణించినచో ఆ పాపము ఇంటివారికి చుట్టుకొనునని భయము. ఇట్లు దైవభీతి గొలిపి నిర్బంధించుటను 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతి నేరముగా నిర్ణయించి, ధర్నా కూర్చుండుటనే దానికి ఉదాహరణముగా చూపెను.

ఈ ఆచారములన్నిటిలో ఒక సామాన్యలక్షణము కనబడును. తాకట్టు లేని అప్పునకు ఋణదాత చేతిలోని ఆయుధము నలుగురిలో సిగ్గు. ఋణగ్రస్తుడు ఆ సిగ్గునకు వెఱచి అప్పును దాచును. దాచుటకై మరియొక అప్పు చేయును. అప్పు పెరుగుటకు వడ్డీ యెంత కారణమో, ఈ గోప్యము అంత కారణము.

వడ్డీకి గట్టు తెగుట

ఇంగ్లీషువారి పాలనలో, వడ్డీకి హద్దు విధించు చట్టములను 1855లో రద్దుచేసిరి. ఒప్పుకొన్న వడ్డీ యెంతైనను న్యాయస్థానము ఇప్పింపవలసినదే. దామ్‌దుపట్ నియమము బొంబాయి రాజధానిలోను, కలకత్తా నగరములోను నిలిచెను కాని దేశమంతట లేదు. చదువురాని రైతు వ్రేలిముద్ర వేసిన పత్రము సివిలు కోర్టునకు చేరిన తోడనే దానికి రాజశక్తి కలిగెను. పూర్వము షావుకారు గ్రామస్థుల కంటిముందు ఉండి వారి మాటకు కొంత వెఱచువాడు. ఇప్పుడతడు దూరపు కచేరీ డిక్రీతో వచ్చుచుండెను. 1875 మే 12వ తేదీన పూనా జిల్లా సూపా గ్రామమున రైతులు షావుకార్లపై తిరుగబడిరి. ఆ అలజడులు పూనా, అహమ్మదునగరు జిల్లాలలో వ్యాపించెను. రైతులు ముఖ్యముగా కోరినది ధనము కాదు, అప్పుపత్రములు. వానిని పట్టుకొని తగులబెట్టిరి. విచారణసంఘము నివేదిక పిమ్మట 1879లో దక్కను రైతుల సహాయ చట్టము వచ్చెను. అన్యాయపు వడ్డీలను తిరుగదోడి సరిచూచు అధికారమును దేశమందలి న్యాయస్థానములకు ఇచ్చుటకు 1918వ సంవత్సరము దాక, అనగా అరువదిమూడేండ్లు పట్టినది.

శరీరము తాకట్టగుట యనునది తెలుగుదేశమున మరింత స్పష్టముగా సాగెను. హైదరాబాదు సంస్థానమున భగేలా యను పద్ధతి క్రింద, పెండ్లికో, తిండికో తీసికొన్న కొద్దిపాటి అప్పునకు మనిషి భూస్వామి వద్ద ఏండ్ల తరబడి చాకిరి చేయవలసియుండెను. దీనిని నియంత్రించుటకు సంస్థాన ప్రభుత్వము 1936లో ఒక శాసనము చేసెను. స్వతంత్రభారతమున రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించెను. 1976లో పార్లమెంటు కట్టుబానిస పద్ధతిని సమూలముగ రద్దుచేయుచు, దేశమందలి అట్టి పద్ధతుల పేర్లను ఆ చట్టముననే వ్రాసెను. ఆ పట్టికలో భగేలా, జీతము, పాలేరు, వెట్టి అను మాటలు కలవు. తెలుగు మాటలు కేంద్రశాసనములోనికి ఎక్కిన సందర్భములలో ఇది గర్వింపదగినది కాదు, మరువదగినదియు కాదు.

వెస్టర్‌వాల్డు నుండి తిరూరు దాక

ఋణగ్రస్తుని న్యాయస్థానము రక్షింపవచ్చును కాని వానికి రేపటి అవసరమునకు ధనమీయదు. ఆ ధనము ఎక్కడినుండి రావలెను? జర్మనీలో వెస్టర్‌వాల్డు ప్రాంతపు గ్రామాధికారి ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజన్ ఈ ప్రశ్నతో పెనుగులాడెను. 1846–47 సంవత్సరముల క్షామమున ఆయన కలవారి వద్ద చందాలు పోగుచేసి పేదలకు రొట్టె ఇప్పించెను. 1849లో రైతులను షావుకారు బారినుండి తప్పించుటకు మరియొక సంఘము స్థాపించెను. వీనికి ఆధారము ధనవంతుల దయ. దయ కొంతకాలమునకు అలసిపోవునని అనుభవము నేర్పగా, 1864లో హెడెస్‌డార్ఫున అప్పు కావలసినవారే సభ్యులుగా గల పరపతి సంఘమును నిలిపెను.

ఆయన పద్ధతి సరళమైనది. ఒకరినొకరు ఎరిగినవారు మాత్రమే సభ్యులు. సంఘపు బాకీకి అందరును కలసి పూర్తిగా బాధ్యులు. అప్పు దేనికో ముందుగా చెప్పవలెను. అది ప్రయోజనకరమని తక్కినవారు ఒప్పవలెను. నిర్వాహకులకు జీతము లేదు. మిగులు పంచుకొనరాదు. ఒక్కని మాటకు బయట విలువ లేకున్నను ఏబదిమంది మాటకు విలువ కలదు. షావుకారు తాకట్టుగా పట్టుకొన్న ఆ పరువే ఇక్కడ మూలధనమయ్యెను.

చెన్నరాజధానిలో ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారి ప్రభుత్వాదేశముపై ఈ సంఘములను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదిక సమర్పించెను. ఈ దేశమునకును ఒక రైఫైజన్ కావలెననుటయే ఆ బృహద్గ్రంథపు సారము. దక్షిణదేశమున అప్పటికే నిధులనబడు పొదుపు సంఘములు పనిచేయుచుండెను. మైలాపురపు హిందూ శాశ్వత నిధి 1872లో స్థాపితమయ్యెను. బరోడాలో 1889లోనే అన్యోన్య సహకారి మండలి వెలసెను. తెలుగువారికి చీటీపాట తరతరాల నుండి తెలిసినదే. నెలనెలకు అందరును వేసిన సొమ్మును అవసరము గలవాడు పాడుకొనును. నిర్వాహకుడు నిజాయితీపరుడైనంతకాలము అదియు ఒక పరపతి సంఘమే.

1904 మార్చిలో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. ఆ సంవత్సరముననే చెంగల్పట్టు జిల్లా తిరూరు గ్రామమున వ్యవసాయ సంఘమును, కంచిలో పట్టణ బ్యాంకును రిజిస్టరు అయ్యెను. 1912లో చట్టమును విస్తరించిరి. అయితే ఉత్సాహమునకు తగిన ఫలము త్వరగా రాలేదు. 1951–52లో రిజర్వు బ్యాంకు జరిపించిన అఖిలభారత గ్రామీణ పరపతి పరిశీలనలో, రైతులు చేసిన అప్పులో సహకార సంఘములు ఇచ్చినది నూటికి 3.1 వంతులు మాత్రమేయని తేలెను. వృత్తిగా వడ్డీ వ్యాపారము చేయువారును, వ్యవసాయము చేయుచు అప్పులిచ్చువారును కలసి ఇచ్చినది నూటికి డెబ్బది వంతులకు దగ్గర. చట్టము సంఘమును రిజిస్టరు చేయగలదు కాని సభ్యుల నడుమ నమ్మకమును పుట్టింపజాలదని ఆ అంకెలు తెలిపినవి.

జీతపు దినము

పల్లె రైతు మాట ఇట్లుండగా, పట్టణమున జీతముపై బ్రదుకువారి స్థితి యేమి? జె. హెచ్. విట్లీ అధ్యక్షతన పనిచేసిన కార్మిక రాజసంఘము 1931లో సమర్పించిన నివేదిక దీనికి విపులమైన సమాధానము. పెక్కు పారిశ్రామిక కేంద్రములలో మూడింట రెండు వంతులకు తక్కువకాకుండ కార్మికులు ఋణగ్రస్తులు. చాలమంది బాకీ మూడు నెలల జీతమును మించియుండెను. రూపాయికి నెలకు ఒక అణా వడ్డీ సర్వసామాన్యము.

ఈ అణా యెంతో లెక్కించి చూడవలెను. నూటికి నెలకు ఆరు రూపాయల పావలా, సాలునకు డెబ్బదియైదు. స్మృతులు ధర్మ్యమన్న రూపాయి పావలాకు ఇది సరిగా ఐదురెట్లు. తాకట్టు లేని అప్పునకు యాజ్ఞవల్క్యుడు వర్ణక్రమమున విధించిన హెచ్చు వడ్డీ కూడ ఇంతకు తక్కువయే. ధర్మ్యవడ్డీకి అప్పు రెట్టింపగుటకు ఎనుబది నెలలు పట్టును. అణా వడ్డీకి పదునారు నెలలు చాలును. వడ్డీ మాత్రమే చెల్లించుచు పోవువాడు పదునారు నెలలలో అసలంత సొమ్ము చెల్లించియు, మొదటి దినమున ఎంత బాకీ యుండెనో అంత బాకీతోనే నిలుచును.

ఋణదాతలు జీతపు దినమున కార్ఖానా ద్వారముకడ కాచియుండి, కార్మికుడు ఇంటికి చేరకముందే సొమ్ము చేజిక్కించుకొనుచుండిరని ఆ నివేదిక వర్ణించెను. మార్కో పోలో చూచిన గీత కార్ఖానా ద్వారము చెంతకు వచ్చెనన్నమాట. ఇట్లు కాచియుండుట నేరము కావలెనని రాజసంఘము సలహా ఇచ్చెను. 1934లో వంగదేశమున కార్మిక రక్షణ చట్టము ఆ పని చేసెను. 1936, 1937 సంవత్సరములలో సివిలు ప్రొసీజరు కోడును సవరించి, శక్తి లేని ఋణగ్రస్తుని చెఱసాలకు పంపుటను, చిన్న జీతములను జప్తుచేయుటను కట్టడి చేసిరి. 1980లో సర్వోన్నత న్యాయస్థానమున జస్టిస్ కృష్ణయ్యరు ఒక తీర్పునందు, దురుద్దేశము లేని పేదవానిని కేవలము అప్పు తీర్చలేదని కారాగారమున ఉంచరాదని ఇదే న్యాయమును మరింత దృఢముగ ప్రకటించెను.

ఉద్యోగుల పొదుపు పరపతి సంఘములు ఈ నేపథ్యమున పెరిగినవి. కార్యాలయమున సభ్యుడు నెలనెల కొంత పొదుపు చేయును. అవసరమైనపుడు జీతమును బట్టి ఒక పరిమితిలో అప్పు పొందును. ఇద్దరు సహోద్యోగులు జామీను నిలుతురు. వాయిదా జీతము నుండియే మినహాయింపబడును. రైఫైజన్ గ్రామమునకు ఇక్కడ కార్యాలయము ప్రతిరూపము. స్వగ్రామమును, బంధువర్గమును విడిచి దూరదేశమున కొలువు చేయువానికి ప్రక్కబల్లవాడే పొరుగువాడు కదా.

పూచీ పాశమైన వేళ

ఇంతవరకు చెప్పిన కథలో పూచీ రక్షకముగనే కనబడినది. అది పాశముగ మారిన దృష్టాంతము తెలుగునాటనే కలదు. 1990వ దశకారంభమున నెల్లూరు జిల్లాలో దూబగుంట మొదలైన గ్రామముల స్త్రీలు సారా వ్యతిరేకోద్యమము నడిపిరి. సారాకు పోవు సొమ్ము ఇంట మిగులగా, దినమున కొక్క రూపాయి చొప్పున పొదుపుచేయు సంఘములు అక్కడ వ్యాపించెను. 1992లో జాతీయ వ్యవసాయ గ్రామీణాభివృద్ధి బ్యాంకు స్వయంసహాయక బృందములకు బ్యాంకు అప్పులిప్పించు పథకమును ఆరంభించెను. ఆంధ్రప్రదేశము ఈ విషయమున దేశమునకు మార్గదర్శకమయ్యెను.

ఆ వెంటనే లాభాపేక్ష గల సూక్ష్మఋణ సంస్థలు అదే గ్రామములకు వచ్చినవి. వారును తాకట్టు అడుగలేదు. బృందపు పూచీ అడిగిరి. చూపునకు ఇది రైఫైజన్ పద్ధతియే. కాని సొమ్ము సభ్యుల పొదుపు కాదు. ఎవరికెంత ఇయ్యవలెనో నిర్ణయించువారు సభ్యులు కారు. ఒకే స్త్రీకి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చిన సందర్భములు పెక్కులు. వసూలుదినమున మాత్రము ఒకతె వాయిదా చెల్లింపనిచో తక్కినవారిని కదలనీయక కూర్చుండబెట్టుచుండిరి. నిన్నటివరకు నేస్తములైనవారు నేడు ఒకరి గడపముందు మరియొకరు నిలువవలసివచ్చెను. అవమానము భరింపలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసి, 2011లో దానిని చట్టముగ చేసెను. వడ్డీ రూపమున అసలును మించి రాబట్టరాదని ఆ చట్టమున ఒక నిబంధన కలదు. స్మృతికారుల రెట్టింపు నియమము ఇట్లు తెలుగు గడ్డపై మరల శాసనమయ్యెను. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు ఈ చట్టము వర్తింపదని 2023లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. అట్టి సంస్థలకు రిజర్వు బ్యాంకు 2011 నుండి వేరుగా నిబంధనలు చేసినది.

దూబగుంట స్త్రీల పూచీకిని, సూక్ష్మఋణ బృందపు పూచీకిని భేదమెక్కడ? అప్పు పుట్టునప్పుడు తోడివారి మాట చెల్లినచో ఆ పూచీ సహాయము. అప్పు రాబట్టునప్పుడు మాత్రమే తోడివారిని పిలిచినచో అది నిర్బంధము. జామీను సంతకమునకును ఇదే పరీక్ష. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ప్రకారము, వేరు ఒడంబడిక లేనిచో, జామీనుదారుని బాధ్యత అసలు ఋణగ్రస్తుని బాధ్యతతో సమానము. స్నేహితుని మొత్తము బాకీ తెలియకుండ, మొగమాటమునకు చేసిన సంతకము వానిని రక్షింపదు. ఒక్క కుటుంబమునకు బదులు రెండు కుటుంబములను ముంచును.

2020 ప్రాంతమున చేతిఫోనుల ద్వారా నిమిషములలో అప్పులిచ్చు యాపులు విజృంభించినపుడు ఈ కథ మరియొకమారు నడచెను. ఋణగ్రస్తుని ఫోనులోని బంధుమిత్రుల పేర్లన్నియు సంగ్రహించి, వాయిదా తప్పినచో వారందరికిని అవమానకరమైన సందేశములు పంపిరి. పూర్వపు ఋణదాత ఒక్క గడపముందు కూర్చుండెను. ఇతడు ఎరిగినవారందరి గడపలముందును ఒకేమారు కూర్చుండెను. 2022లో రిజర్వు బ్యాంకు అట్టి పేర్ల పట్టికను తాకరాదని యాపులను నిషేధించెను. వసూలుదారులు ఉదయము 8 గంటలకు ముందును, రాత్రి 7 గంటల తరువాతను బాకీకై ఫోను చేయరాదని ఆ సంవత్సరముననే బ్యాంకులకును, ఋణసంస్థలకును ఆదేశించెను.

ఉద్యోగికి గల రక్షణలు

ఈ సుదీర్ఘచరిత్ర ఫలముగ వేతనజీవి చేతికి కొన్ని రక్షణలు వచ్చినవి. ప్రభుత్వోద్యోగి జీతమును అన్యాధీనము చేయుటకు వీలులేదని 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. డిక్రీపై జీతమును జప్తుచేయవలసివచ్చినను, మనోవర్తి డిక్రీలు కాక తక్కినవానిలో, మొదటి వేయి రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండు వంతులును ముట్టరాదని సివిలు ప్రొసీజరు కోడు 60వ విభాగము. లెక్కకు వచ్చు జీతము 31,000 రూపాయలైనచో, జప్తుకు లోబడునది 10,000 మాత్రమే. ఇరువదినాలుగు నెలలు అట్లు జప్తు జరిగిన పిమ్మట ఆ డిక్రీ క్రింద మరల జప్తు చేయరాదు. భవిష్యనిధిని 1925వ సంవత్సరపు చట్టమును, పింఛనును 1871వ సంవత్సరపు చట్టమును ఋణదాతలనుండి కాపాడుచున్నవి. ఆస్తికంటె అప్పు మించినవాడు న్యాయస్థానమున దివాలా అర్జీ వేసికొని విముక్తుడగు మార్గమును 1920వ సంవత్సరపు చట్టము చూపినది. ఉభయులును రాజీపడినచో లోక్ అదాలతు నిర్ణయమే తుది. దానిపై అప్పీలు లేదు.

1964వ సంవత్సరపు కేంద్రోద్యోగుల ప్రవర్తన నియమావళి, ఉద్యోగి అలవాటుగ అప్పులపాలు కారాదనియు, బాకీకై న్యాయస్థానమున చర్య ఆరంభమైనచో ప్రభుత్వమునకు పూర్తి వివరములు వెంటనే తెలుపవలెననియు విధించుచున్నది. ఈ నియమమునకు వెఱచి పెక్కుమంది అప్పును మరింత లోతుగ దాతురు. కాని దానిని సాంతము చదివినవారికి మరియొక మాట కనబడును. ముందుగా ఊహింపరాని, తన చేతిలో లేని కారణమువలన అప్పు కలిగినదనియు, దుబారావలన కాదనియు నిరూపించుకొను అవకాశమును అదే నియమావళి ఉద్యోగికి ఇచ్చినది. రోగమువలన చేసిన అప్పును రోగమువలన చేసితినని, కాగితములు చేతనున్న కాలమున చెప్పుకొన్నవానికే ఆ అవకాశము ఉపయోగపడును.

ప్రవాసమునందలి తెలుగు కుటుంబములకు ఇందు విశేషమైన కష్టము కలదు. ఊరిలోనివారు కొడుకు పట్టణమున కొలువు చేయుచున్నాడని గొప్పగా తలంతురు. ఆ గొప్ప నిలుపుటకు చెల్లెలి పెండ్లికి ఒక అప్పు, తండ్రి వైద్యమునకు మరియొకటి, ఆ రెండింటి వాయిదాలకై మూడవది పుట్టును. భార్యకు తెలియని బాకీలు, భర్తకు తెలియని చీటీలు ఒకే ఇంట ఉండుట అరుదు కాదు. ఇట్టివానికి తోడివారు చేయదగిన మొదటి సహాయము ధనసహాయము కాదు. బాకీలన్నియు, ఎవరికెంత, ఏ వడ్డీకి, ఎప్పటినుండి అని ఒక కాగితముపై వ్రాయించుట. వానిలో హెచ్చు వడ్డీది మొదట తీరునట్లు, సంఘము నుండియో, భవిష్యనిధి నుండియో తక్కువ వడ్డీ సొమ్ము చూచుట. ఋణదాత వద్దకు ఒంటరిగా పోనీయక ఒకరు వెంట నడచుట. కొత్త అప్పు చేయకుండ ఆరు నెలలు కనిపెట్టియుండుట.

హెడెస్‌డార్ఫు రైతులు తమలో తాము చేసికొన్నది ఇంతకంటె పెద్ద కార్యము కాదు. వారు ఒకరి అప్పు సంగతి ఒకరికి ముందుగా చెప్పుకొనిరి, అందరును కలసి దానికి బాధ్యులమని సంతకము చేసిరి. కార్యాలయమున ప్రక్కబల్లవాడు కొన్నాళ్లుగా మాటలు తగ్గించి, జీతపు దినమున ముఖము చాటువేయుచున్నచో, అతనిని పలుకరించుటకు ఏ చట్టముతోను పనిలేదు.